వర్షపాతమును వేరుసెనగ దిగుబడియు

“ఈ యేడు వానలు చాలినన్ని కురిసినవి, కాయ మాత్రము ఏల పట్టలేదు?” అని రైతులు ప్రశ్నించుట కలదు. ఉమ్మడి అనంతపురము జిల్లాలోని మెట్ట వేరుసెనగను దృష్టాంతముగ గైకొని దీనికి సమాధానము చెప్ప బూనితిమి.

ఆ సీమ పడమటి కనుమల చాటున నుండుటచేతను, తూర్పు సముద్రమునకు దూరమగుటచేతను రెండు ఋతుపవనముల వానయు అచ్చట కొరతయే. సగటున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా 22 అంగుళములు మాత్రమే కురియును. అయినను ఏటి మొత్తమును బట్టియే పంటను లెక్కింపరాదు. లోతు తక్కువగల ఎఱ్ఱనేలపై ఒక్క రాత్రి 100 మిల్లీమీటర్లు కురిసినచో అందు చాలభాగము వంకల పాలగును. ఆ వానయే నాలుగు పదునులుగా పడినచో పైరు నిలుచును.

పునర్వసు కార్తెలో విత్తిన పైరు సుమారు నెల దినములకు పూతకు వచ్చును. అంతకుముందు కొలదిపాటి బెట్ట తగిలినను పెద్ద నష్టము లేదు. పూత పిమ్మట ఊడలు నేలలో దిగవలయును. నేల గట్టిపడిన అవి దిగజాలవు. కాయ తనకు వలయు సున్నమును చుట్టునున్న మన్నునుండియే గ్రహించును గాన, పదును లేనిచో గింజ నిండక తాలుకాయ లేర్పడును. కావున మఘ, పుబ్బ, ఉత్తర కార్తెల వానయే దిగుబడిని నిర్ణయించును. కోతవేళ ముసురు పట్టినచో గుత్తిరకముల కాయలు నేలలోనే మొలకెత్తును.

వేరుసెనగ సేద్యమున విత్తనపు ఖర్చే మిక్కిలి భారమైనది. తేలికజల్లును నమ్మి విత్తినవానికి విత్తనము పోవును, అప్పు మిగులును. కనుక నేల జేనెడు లోతు తడిసినపిదపనే గొఱ్ఱు కట్టవలయును. వాలున కడ్డముగ దున్ని చాళ్లు తీసిన నీరు నిలుచును. ఏడుసాళ్ల వేరుసెనగకు ఒకసాలు కంది చొప్పున వేసినచో, వేరుసెనగ చెడినను కంది కొంత ఆదుకొనును. అదను మించిపోయిన యెడల ఉలవ విత్తుట మేలు.

ప్రతి సంఘమును వానకొలత పాత్ర నొకదానిని నెలకొల్పి, ఏ దినమున ఎంత కురిసినదో పుస్తకమున వ్రాయించుట యుక్తమని మా యభిప్రాయము. ఏటి మొత్తము కంటె ఆ దినముల లెక్కయే రైతునకు అక్కరకు వచ్చును.