పట్టకారు ఒకటా, రెండా?

విజయవాడకు తూర్పున, బందరు రోడ్డు ప్రక్కనున్న ఆటోనగరులో దినము లెక్కతోనే ఆరంభమగును. ఎన్ని బోల్టులు వచ్చినవి, ఎన్ని నట్లు తక్కువైనవి, ఏ లారీకి ఎన్ని టైర్లు మార్చవలెను అను ప్రశ్నలే అచ్చటి మేలుకొలుపులు. లారీలకు బాడీలు కట్టువారు, ఇంజనులు విప్పి బిగించువారు, టైర్లు బాగుచేయువారు, పాత సామాను కొని అమ్మువారు ఇరుగుపొరుగుగా బ్రతుకు పేట అది. ఆసియాఖండములోని పెద్ద మోటారు పారిశ్రామికవాడలలో ఒకటిగా దానికి పేరున్నది. ఒకటికిని రెంటికిని గల భేదమెరుగని బాలుడు అట్టి చోట ఉండడు. రెండు నట్లు తెమ్మన్నప్పుడు ఒకటే తెచ్చినచో తండ్రి పని ఆగిపోవును.

ఆ బాలుడే బడిలో ఆంగ్లభాషలోని ఏకవచన బహువచనముల పాఠమువద్ద తడబడుచున్నాడు. అట్టి తరగతి నొకదానిని ఊహింపుడు. ఉపాధ్యాయుడు పుస్తకములోని పట్టకారు బొమ్మను చూపును.

"ఇదేమిట్రా?"

"ప్లయరు, మాస్టారూ."

"ప్లయరు కాదు, ప్లయర్స్ అనాలి. బహువచనం."

"ఒకటేగా ఉంది, మాస్టారూ!"

తరగతి నవ్వును. "ఇంగ్లీషులో అంతే, కూర్చో" అని ఉపాధ్యాయుడు పాఠము సాగించును. బాలుడు కూర్చుండును. ఆ దినమున మరల నోరు విప్పడు. ఇంటివద్ద ప్రతిదినము చేతబట్టు పనిముట్టు బడిలో తనకు తెలియని వస్తువైపోయినది. వాని ప్రశ్న నిజముగా నవ్వదగినదేనా?

వచనజ్ఞానము లేనివాడని ఆ బాలుని తలపరాదు. బడికి రాకముందే వాడు ‘ఇల్లు’ను ‘ఇళ్లు’గను, ‘ఊరు’ను ‘ఊళ్లు’గను, ‘కన్ను’ను ‘కళ్లు’గను, ‘చెయ్యి’ని ‘చేతులు’గను, ‘తమ్ముడు’ను ‘తమ్ముళ్లు’గను మార్చగలడు. ఇట్టి మార్పులకు పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున సూత్రములు కట్టెను. వీధిలో ఆడుకొను పిల్లవాడు ఆ సూత్రములను చదువకయే పాటించుచున్నాడు. ‘చెయ్యి’ ‘చేతులు’ అగుటకన్న ‘ఫుట్’ ‘ఫీట్’ అగుట వింతయేమి కాదు. ‘చైల్డ్’ ‘చిల్డ్రన్’ అగుటయు అట్టిదే. ప్రతి భాషకును పాతకాలమునుండి వచ్చిన మొండిమాటలు కొన్ని ఉండును. ఈ సంగతిని ముందుగా తెలిపినచో, ఆంగ్లము తనను వేధించుటకే పుట్టిన భాష అను భయము బాలునకు సగము తీరును.

1958లో అమెరికా దేశమున జీన్ బెర్కో అను విదుషి చిన్నపిల్లలను పరీక్షించిన విధము ఇచ్చట స్మరింపదగినది. ఆమె పక్షివంటి ఒక బొమ్మను చూపి, దానికి ‘వగ్’ అని లోకములో లేని పేరు పెట్టెను. పిదప అట్టివే రెండు బొమ్మలు చూపి, వాక్యమును పిల్లలచేత పూరింపజేసెను. వారిలో పెక్కుమంది ఎన్నడును వినని ఆ మాటకు సరియైన బహువచనము కట్టిరి. కాని ‘గ్లాసెస్’ అని చక్కగా అనగల పిల్లలే ‘టాస్’ అను మరియొక క్రొత్తమాటకు ‘టాసెస్’ అని చెప్పలేక చిక్కుపడిరి. పిల్లలు మాటలను మాత్రమే కంఠస్థము చేయరనియు, సూత్రములను తామే పట్టుకొందురనియు, ఆ పట్టు క్రమక్రమముగా బిగియుననియు దీనివలన తేలినది. ఆంగ్లము మాతృభాషగా గల పిల్లలకే ఇట్టి తడబాటున్నప్పుడు ఆటోనగరు బాలుని తడబాటు నేరమెట్లగును?

ఆటోనగరు భాషయే ఆంగ్లపదములతో నిండినది. అచ్చటివారు వానికి తెలుగు ‘లు’ను తగిలించి తమ మాటలుగా చేసికొనిరి: నట్టు, నట్లు, టైరు, టైర్లు, గేరు, గేర్లు, బేరింగు, బేరింగులు. ‘ఆయిలు’, ‘డీజిలు’, ‘నాజిలు’ అను మాటల చివర ‘లు’ ఉన్నను అవి బహువచనములు కావని అచ్చటి పిల్లవానికి తెలియును. నాజిలు ఒకటైనచో నాజిలే, పెక్కులైనచో నాజిళ్లు. ఈ జ్ఞానమే ఆంగ్లమునకు పనికివచ్చును. ‘బస్’, ‘గ్యాస్’, ‘బ్రాస్’ అను మాటల చివర ‘స్’ వినబడినంతమాత్రమున అవి బహువచనములు కావు. చివరి ధ్వనిని చూచి వచనమును నిర్ణయింపరాదని ‘నాజిలు’ ఒక్కటియే బోధింపగలదు. దీనికి మారుగా, ‘సాక్స్’ అనునది ముందే బహువచనము. మనవారు దానికి మరల ‘లు’ చేర్చి ‘సాక్సులు’ అందురు. పిల్లవాడు ‘వన్ సాక్స్’ అని వ్రాయుటకు మూలమిదియే.

అసలు చిక్కు రెండు భాషలును లోకమును వేరువేరుగా లెక్కించుటలో ఉన్నది. తెలుగున పాలు పొంగినవి, నీళ్లు వచ్చినవి, వడ్లు ఎండినవి అందుము. వీనిలో పాలు, వడ్లు వంటివానిని నిత్యబహువచనములని పిలుచుట మన వైయాకరణులకు వాడుక. ఆంగ్లములోనో ‘మిల్క్’, ‘వాటర్’, ‘ప్యాడీ’ ఏకవచనములే. కావున ‘మిల్క్ ఆర్ హాట్’ అని వ్రాసిన కృష్ణాడెల్టా బాలుడు అజాగ్రత్తపరుడు కాడు. తల్లి నేర్పిన లెక్కను నమ్మినవాడు. సంస్కృతమునను నీటికి పేరైన ‘ఆపః’ నిత్యబహువచనమే. భార్య ఒక్కతెయైనను ‘దారాః’ అని బహువచనము చెప్పవలెను. గోధుమలు మనకు బహువచనము. ఆంగ్లములో ‘వీట్’ ఏకవచనము. అదే ఆంగ్లము మరియొక ధాన్యమును ‘ఓట్స్’ అని బహువచనములో పిలుచును. వస్తువొకటియైనను, దానిని గింజలుగా చూచుటయు రాశిగా చూచుటయు ఆయా భాషల అలవాటు.

సామాను విషయమును ఇట్టిదే. మనకు సామాను, సామాన్లు అని రెండు రూపములును కలవు. పని, పనులు, సమాచారము, సమాచారములు. ఈ అలవాటుతో ‘ఫర్నిచర్స్’, ‘ఎక్విప్‌మెంట్స్’, ‘ఇన్ఫర్మేషన్స్’ అని వ్రాయువారిలో పిల్లలేకాదు, పెద్దలును పలువురున్నారు. వార్తలు మనకు అనేకము. ‘న్యూస్’ చివర ‘స్’ ఉండియు ఏకవచనము. లెక్కలు మనకు బహువచనము, ‘మ్యాథమాటిక్స్’ ఏకవచనము. ఇట్టివానిని తెలుగు మాటలకు ఎదురెదురుగా రెండు వరుసలలో వ్రాసి చూపినచో, భేదము కంటికే తెలియును.

ఆటోనగరు వీధినుండియే మరియొక పాఠము తీయవచ్చును. అచ్చట ‘పది టైర్ల లారీ’ అందురు. దానిని మాటకు మాటగా మార్చి, బాలుడు ‘టెన్ టైర్స్ లారీ’ అనును. ఆంగ్లములో ‘టెన్ టైర్ లారీ’ అనవలెను. పది రూపాయల నోటు ‘టెన్ రుపీ నోట్’ అగుటయు ఇట్లే. సంఖ్యయు నామమును కలిసి మరియొక నామమునకు విశేషణమైనప్పుడు తెలుగు బహువచనమును నిలుపుకొనును. ఆంగ్లము దానిని విడుచును. చేతిలో నోటును, వీధిలో లారీని చూపి చెప్పదగిన ఈ సూత్రమునకు ఎనిమిది పంక్తుల నిర్వచనము అక్కరలేదు.

ఒక్క మనిషితో మాటాడుచు ‘యు ఆర్’ అనుట ఏల అని పిల్లలు అడుగుట కలదు. దీనికి జవాబు చెప్పుట తెలుగు ఉపాధ్యాయునకు మిక్కిలి సులభము. మేస్త్రీని ‘నీవు’ అనక ‘మీరు’ అనుట ఆ బాలునకు ఇంటిలో అలవడిన మర్యాద. ఆంగ్లమునను పూర్వము ఒక్కనికి ‘దౌ’, పలువురకు ‘యు’ ఉండెడివి. మర్యాదకొరకు ఒక్కనిని సైతము ‘యు’ అనుట మొదలై, కాలక్రమమున ‘దౌ’ వాడుకనుండి తొలగిపోయినది. ‘యు’ మిగిలినది, దానితోడి బహువచన క్రియయు మిగిలినది.

ఈ విషయములు వ్యాకరణవినోదమునకు చెప్పునవి కావు. ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమమును ప్రవేశపెట్టుచు 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఉత్తర్వు వెలువరించెను. 2020 ఏప్రిలులో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. వాదములు ఎట్లున్నను, బిడ్డ ఆంగ్లము నేర్చి తనకన్న మేలుగా బ్రతుకవలెనని షెడ్డులో పనిచేయు తండ్రి కోరుట మానలేదు. ఆ కోరిక న్యాయమైనది. కాని మొదటి మెట్టుననే నవ్వులపాలైన బిడ్డ మౌనము నేర్చును. మౌనము నేర్చినవానికి ఏ మాధ్యమమును ఫలింపదు. ఒక ప్రక్క ఆంగ్లము, ఎదుటి ప్రక్క తెలుగు ఉండునట్లు ఆ తరువాత రాష్ట్రమున అచ్చయిన ద్విభాషా పాఠ్యపుస్తకములు ఈ పనికి మంచి సాధనము. ఎదురెదురు పుటలలో ‘నీళ్లు’ ఎచ్చటనున్నదో, ‘వాటర్’ ఎచ్చటనున్నదో పిల్లలచేతనే వెదకించి, వాని క్రియలను గీత గీయించినచో సగము పాఠము వారే చెప్పుకొందురు.

ఇక పట్టకారు సంగతి. బాలుని ప్రశ్నకు జవాబు ఆ పనిముట్టులోనే ఉన్నది. దానిని తరగతికి తెప్పించి, విప్పి చూపవలెను. దానికి రెండు దవడలు. కత్తెరకు రెండు అలుగులు, కళ్లజోడునకు రెండు అద్దములు, ప్యాంటునకు రెండు కాళ్లు. ఆంగ్లేయుడు ఈ జంటలను చూచి ప్లయర్స్, సిజర్స్, స్పెక్టకిల్స్, ట్రౌజర్స్ అనెను. తెలుగువాడు జంట కలిసి చేయు పనిని చూచి ఒకటి యనెను. సంస్కృతమున రెంటికి ద్వివచనమే వేరుగా కలదు. రెండు చేతులను ‘హస్తౌ’ అందురు. తెలుగునకు అది లేకున్నను జంట అను భావము లేకపోలేదు. ‘కళ్లజోడు’ అను మాటలోని ‘జోడు’ అదియే. ‘ఎ పెయిర్ ఆఫ్ ప్లయర్స్’ అనుటలోని ‘పెయిర్’ ఆ జోడే.

"ఒకటేగా ఉంది, మాస్టారూ!" అన్న బాలునితో, "మన లెక్కకు ఒకటేరా, నువ్వన్నది నిజమే. వాళ్లు దవడలు లెక్కపెట్టారు, చూడు" అని పట్టకారును వాని చేతికే ఇచ్చినచో, విప్పుటయు మూయుటయు వాడే తరగతికి చూపగలడు. ఆ పని వానికి ఉపాధ్యాయునికన్న బాగుగ తెలియును.