సైడ్ ఏ, సైడ్ బీ

అమెరికా రాక్ బ్యాండు మెటాలికా తొలి ఆల్బం ‘కిల్ ఎమ్ ఆల్’ 1983 జులైలో వచ్చింది. నిడివి 51 నిమిషాలు. సీ-90 క్యాసెట్‌లో ఒక్కో వైపు పట్టేది 45. డబ్బు మిగులుతుందని ఒకే క్యాసెట్‌లో రెండు ఆల్బంలు, వైపుకొకటి ఎక్కించుకోవడం అప్పటి అలవాటు. అలా ఎక్కిస్తే మెటాలికా చివరి పాటకు చోటే ఉండదు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ క్వార్టర్లలోనో, పటాన్‌చెరు బస్టాండు పక్క గల్లీలోనో ఆ కాపీ చేతికి చిక్కిన కుర్రాడికి ఆల్బం అంటే అంతవరకే. ఠక్కుమని బటన్ పైకి లేస్తుంది, పాట ఆగిపోతుంది.

ఏ పాట తర్వాత ఏది వినాలో, ఎక్కడ ఆపాలో కూడా ఆ ప్లాస్టిక్ డబ్బాయే తేల్చేది. నిజానికి అది పాటల కోసం పుట్టింది కాదు.

లూ ఓటెన్స్ అనే డచ్ ఇంజినీరు 1960ల మొదట్లో బెల్జియంలోని హాసెల్ట్‌లో ఫిలిప్స్ ఫ్యాక్టరీలో కొత్త ఉత్పత్తుల పని చూసేవాడు. కుర్రతనంలో, నెదర్లాండ్స్ జర్మన్ల ఆక్రమణలో ఉన్నప్పుడు, నిషేధించిన ప్రసారాలు వినడానికి ఇంట్లోనే రేడియో కట్టుకున్న మనిషి. అప్పటి టేప్ రికార్డర్లకు పెద్ద పెద్ద రీళ్లు. ప్రతిసారీ టేపు కొసను సూదిలో దారం ఎక్కించినట్టు ఎక్కించాలి. ఆ యాతనకు విసిగి, తన కోటు జేబులో పట్టేంత చెక్క ముక్క ఒకటి కోయించి, యంత్రం ఇంతకంటే పెద్దది కాకూడదన్నాడు. అంత విలువైన నమూనా చివరికి ఏమైంది? ఒకరోజు టైరు మార్చేటప్పుడు జాకీ కింద ఎత్తుకు పెట్టాడు, అక్కడే పోయింది.

1963 ఆగస్టు చివర్లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో క్యాసెట్‌ను జనానికి చూపించారు. ఉత్తరాలు చెప్పి రాయించుకునే ఆఫీసర్లకు, విలేకరులకు పనికొస్తుందన్నది ఆలోచన. చరిత్ర మార్చిన నిర్ణయం మాత్రం ఆ తర్వాతది: జపాన్ కంపెనీలు పట్టుబట్టడంతో 1965లో ఫిలిప్స్ లైసెన్సు ఉచితంగా ఇచ్చేసింది. ఎవరు తయారుచేసినా కొలతలు ఒకటే కావాలన్నది షరతు. అందుకే దుబాయ్‌లో కొన్న టూ-ఇన్-వన్‌లో ఢిల్లీ క్యాసెట్ ఏ పేచీ లేకుండా తిరిగింది.

లోపల ఉండేది సన్నటి పాలిస్టర్ పట్టీ. దాని మీద ఐరన్ ఆక్సైడ్ పూత. తుప్పుకు దగ్గరి చుట్టమే. వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. ఆ కాస్త జాగాలోనే స్టీరియో కోసం నాలుగు దారులు, ఇటు పోయేటప్పుడు రెండు, అటు తిప్పితే రెండు. రికార్డింగ్ హెడ్‌లో పుట్టే అయస్కాంత క్షేత్రం పాటను బట్టి మారుతూ, ముందు నుంచి జారిపోతున్న ఆక్సైడ్ రేణువుల అయస్కాంత దిశలను అందుకు తగ్గట్టు అమరుస్తుంది. తిరిగి అదే దారిన నడిపిస్తే ఆ అమరికే మళ్లీ కరెంటుగా, శబ్దంగా మారుతుంది. టేపు నడక సెకనుకు 4.76 సెంటీమీటర్లు. స్టూడియో యంత్రాల్లో 38, అంతకు మించి కూడా ఉంటుంది. దారి ఇరుకు, నడక నెమ్మది కాబట్టి హెడ్ ముందుకు ఒక్కో క్షణంలో వచ్చే రేణువులు తక్కువ. అందుకే ఆ ‘స్‌స్‌స్’ మనే బుస. బుస తగ్గించే డాల్బీ-బి పద్ధతి దాన్ని చాలావరకు అణిచింది కానీ, కాపీకి కాపీ తీస్తే బుస మీద బుస చేరి, తాళాల తళుకు చచ్చిపోయేది. మూడో చేతి కాపీలో గిటార్ విన్న కుర్రాళ్లు చాలామంది ఆ గరగర కూడా బ్యాండు వాయించిందేననుకున్నారంటే వాళ్ల తప్పేం లేదు. రాక్‌లో ఎలాగూ సగం గరగరే కదా!

ఇంకో వింత ఉంది. చుట్టలో పక్కపక్క పొరలు ఒకదాన్నొకటి తాకి ఉంటాయి. గట్టి శబ్దం ఉన్న పొర పక్కదాని మీద తన అచ్చు వేస్తుంది. దాంతో పాట మొదలవకముందే, నిశ్శబ్దంలో, దాని నీడలాంటి చప్పుడు వినిపిస్తుంది. వేడికి ఇది ఎక్కువవుతుంది. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో మరిచిపోయిన క్యాసెట్‌లో మొదటి గిటార్ దెబ్బ ఒకసారి దూరంగా, మరుక్షణం అసలుగా రెండుసార్లు పడేది.

మన దేశంలో అప్పటిదాకా పాటంటే గ్రామఫోన్ కంపెనీ (హెచ్ఎంవీ). 1980ల్లో టీ-సిరీస్ చవక క్యాసెట్లతో ఆ కోట బద్దలైంది. ఊరూరా రికార్డింగ్ సెంటర్లు లేచాయి. తెల్ల కాగితం మీద పాటల లిస్టు రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి వస్తే సాయంత్రానికి నింపి ఉంచేవాళ్లు. గల్ఫ్‌కు పోయిన తెలంగాణ మనిషి గొంతు కూడా క్యాసెట్‌లోనే ఇల్లు చేరేది. ఓటెన్స్ ఊహించిన మాటల యంత్రం అచ్చంగా పనిచేసింది అక్కడే.

ఒకే యంత్రం రెండు చోట్ల చేసిన పని చూడండి. 1982లో మెటాలికా ఒక డెమో క్యాసెట్ చేసింది. అభిమానులు కాపీలు తీసి పోస్టులో పంచుకున్నారు. ఆల్బం కంటే ముందు పేరు ఊళ్లు దాటింది. ఇక్కడ అప్పటి మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన గద్దర్, జన నాట్య మండలి పాటలు కూడా అదే దారిన చేతులు మారాయి. కంపెనీ అక్కర్లేదు, రేడియో దయ అక్కర్లేదు. రెండు డెక్కులుంటే చాలు. రాక్‌కూ విప్లవ గీతానికీ చుట్టరికం ఏమిటని అడిగేవాళ్లకు ఆ డబుల్ డెక్కే జవాబు.

మన బ్యాండ్లూ క్యాసెట్‌లోనే చేతికొచ్చాయి. 1993లో ఇండియన్ ఓషన్ అనే రాక్ బ్యాండు తొలి ఆల్బం హెచ్ఎంవీ నుంచి వచ్చింది. తెలుగులో రమణ గోగుల ‘ఆయే లైలా’ అనే పాప్ ఆల్బంతో కుర్రకారుకు తెలిసి, 1998లో ‘ప్రేమంటే ఇదేరా’తో సినిమాల్లోకి వచ్చారు. సినిమా పాటల్లో ఏది బాగుందో ఎంచుకుని రికార్డు చేయించుకునేవాళ్లు. ఆల్బంను మాత్రం మొదటి నుంచి చివరిదాకా వినక తప్పేది కాదు. నచ్చని పాట దాటించాలంటే ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కి, ఆపి, విని, మళ్లీ నొక్కాలి, బ్యాటరీలు అయిపోతాయి. బ్యాటరీ తగ్గితే గాయకుడి గొంతు బొంగురుపోతుంది. అందుకని పెన్సిల్ దూర్చి చేత్తో తిప్పేవాళ్లు. ఆ బద్ధకంతోనే నచ్చని పాటను పదిసార్లు విన్నవాడికి పదకొండోసారి అదే నచ్చేది. నాలుగు సెకన్లలో పాట మార్చేసే ఫోన్ ఈ పని చేయలేదు.

ఓటెన్స్ మాత్రం క్యాసెట్ మీద బెంగ పెట్టుకోలేదు. ఫిలిప్స్‌లో సీడీ తయారీ వెనుక కూడా ఆయనే ఉన్నాడు. శబ్దంలో సీడీయే మేలని చివరిదాకా అన్నాడు. 2008లో ఎద్దుమైలారంలో హైదరాబాద్ ఐఐటీ తాత్కాలిక క్యాంపస్ మొదలయ్యేనాటికి కుర్రాళ్ల పాటలు కంప్యూటర్లలోకి చేరిపోయాయి. సోనీ 2010లో జపాన్‌లో క్యాసెట్ వాక్‌మన్ అమ్మకాలకు స్వస్తి చెప్పింది. ఓటెన్స్ 2021 మార్చిలో, 94 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మీ అటక మీద ఇంకా క్యాసెట్లుంటే, తాతగారి గొంతో, మొదటి బ్యాండో, వాటిని ఇప్పుడే డిజిటల్‌లోకి ఎక్కించుకోండి. పూత పట్టు ఏటేటా సడలుతుంది. పాత ప్లేయర్ హెడ్‌ను ముందు స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. టేపును ఒకసారి ఆ కొస నుంచి ఈ కొసకు పూర్తిగా చుట్టండి. అన్నిటికంటే ముందు, క్యాసెట్ పైఅంచున మూలల్లో ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచెయ్యండి. అవి లేకపోతే రికార్డ్ బటన్ పొరపాటున కూడా కిందికి దిగదు.