మోటారుబండి క్రింద పనిచేయువారు గమనింపవలసిన విషయములు

నేడు మన గ్రామములలో కార్లు, జీపులు, ట్రాక్టరులు విశేషముగా వాడుకలో నున్నవి. చిన్న మరమ్మతులను ఇంటివద్దనే చేసికొనుట పొదుపే. కాని జాకీ నొక్కదానిని నమ్మి బండి క్రిందికి దూరుట ప్రాణాపాయము. చిన్న కార్లు పెక్కు 700 మొదలు 1,000 కిలోల వరకు తూగును. అంత బరువు రొమ్ముపై నానినచో ఊపిరి తీయుటకు వీలుండదు. కొలది నిమిషములలోనే ప్రాణము పోవును.

జాకీ బండి నెత్తుటకే గాని నిలుపుటకు గాదు. నూనెజాకీలో బరువును మోయునది లోపలి నూనె. దానిని పట్టియుంచెడు రబ్బరు వలయము అరిగినను, కవాటములో నలుసు పడినను నూనె వెనుకకు జారి బండి క్రిందికి దిగును. మరజాకీకి అడుగుభాగము ఇరుకు. బండి కొంచెము కదలినను అది ఒరగిపోవును.

కావున మొదట చదునైన గట్టినేలపై బండిని నిలుపవలయును. మెత్తని నేలయైనచో జాకీ క్రిందను, స్టాండుల క్రిందను మందమైన పలక వేయవలయును. పెక్కు కార్లలో చేతిబ్రేకు వెనుక చక్రములనే పట్టును. వెనుకభాగము నెత్తినప్పుడు అది నిష్ప్రయోజనము. గేరులో నుంచుటయు చాలదు. ఇంజను త్రిప్పెడు జంటచక్రములలో ఒకటి గాలిలోనికి లేచినచో, వాని నడుమనున్న డిఫరెన్షియలు మూలమున అది ఎదురుగా తిరిగి, నేలమీది చక్రమును దొర్లనిచ్చును. కావున నేలపై నుండు చక్రములకు ముందు వెనుకల దిమ్మలు అడ్డుపెట్టి తీరవలయును.

చక్రము తీయవలసి యున్నచో, అది నేలపై నుండగనే నట్లను కొంచెము వదులు చేయవలయును. పిమ్మట, బండితో నిచ్చిన పుస్తకములో చూపిన చోటనే జాకీ నానించి యెత్తవలయును. తగిన బరువు మోయగల ఇనుపస్టాండులను చట్రము క్రింద నిలిపి, బండిని మెల్లగా వానిపైకి దింపవలయును. అప్పుడు ప్రక్కనుండి త్రోసి చూడవలయును. కదలినచో దించి మరల సరిచేయవలయును. తీసిన చక్రమును బండి అంచు క్రింద పరుండబెట్టుట రెండవ రక్ష. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మలు పనికిరావు. అవి ముందుగా సూచన యియ్యకయే పగులును.

ట్రాక్టరు విషయమున మరికొన్ని జాగ్రత్తలు కలవు. దాని ముందు ఇరుసు నడిమి కీలుపై ఇటునటు ఊగును. కావున ముందుభాగము నెత్తునపుడు ఇరుసునకు, చట్రమునకు నడుమ ఇరువైపుల మేకులు బిగింపనిచో బండి ప్రక్కకు ఒరగును. పైకెత్తిన నాగలి క్రింద గాని, ఊతకడ్డీ పెట్టని ట్రాలీతొట్టి క్రింద గాని చేయియైనను పెట్టరాదు. వానిని నిలిపియున్నదియు నూనెయే.

ఒంటరిగా పనిచేయరాదు, కేకకు పలుకు మనిషి దగ్గర నుండవలయును. ఎడ్లబండి చక్రము నూడదీసినప్పుడు ఇరుసు క్రింద దుంగ నిలుపుట మన పెద్ద లెరిగినదే. స్టాండులు ఆ దుంగవంటివే. ప్రతి రైతును వేరుగా కొననక్కరలేదు. సంఘము రెండు జతలు కొని సభ్యులకు వంతులవారీగా నిచ్చినచో స్వల్పవ్యయముతో అందరికిని రక్షణ కలుగునని మేము తలంచుచున్నాము.