ఏ కెమెరా మన ఇంటికి తగినది?

ఎల్.టి.సి. ప్రయాణం నిశ్చయమైన ఇంట టిక్కెట్ల తరువాత చర్చకు వచ్చే విషయం కెమెరా. ఫోటోలు తీసే సౌకర్యం చేతి ఫోనులోనే ఏర్పడిన ఈ రోజులలో కూడా, దూరాన ఉన్న గోపుర శిల్పాన్ని దగ్గరగా చూడాలనీ, మసక వెలుగులో నాట్యమాడే అమ్మాయి ముఖకవళికలను స్పష్టంగా నిలుపుకోవాలనీ ఆశించేవారు విడి కెమెరా కొరకు చూస్తూనే ఉన్నారు. అట్టివారి సౌకర్యార్థం, జేబులో ఇమిడే కాంపాక్టు కెమెరాకు, లెన్సు మార్చుకునే కెమెరాకు గల తారతమ్యాలను పరిమాణం, బరువు, తెర అనే మూడు అంశాలలో పరిశీలిద్దాం.

ఉదాహరణకు మూడింటిని తీసుకుందాం. 2012లో వెలువడిన సోనీ ఆర్‌ఎక్స్ 100 కాంపాక్టు కెమెరా. 2014 నాటి సోనీ ఏ6000, 2018లో వచ్చిన కెనాన్ 1500డి లెన్సు మార్చుకునేవి. వీటిలో కెనాన్ లోపల అద్దం గలది. సోనీ అద్దం లేనిది. ఫలానా కంపెనీ సరుకే కొనమని చెప్పడం మా ఉద్దేశం కాదు. కొత్త నమూనాలు వచ్చినా ఈ తరగతుల మధ్య తేడాలు స్థూలంగా ఇట్లే ఉంటాయి.

ముందు పరిమాణం. ఆర్‌ఎక్స్ 100 మందం సుమారు 36 మిల్లీమీటర్లు. ఏ6000 మందం 45, 1500డి మందం 78. అయితే తరువాతి రెండు అంకెలూ లెన్సు లేకుండా చెప్పినవి. కెనాన్‌కు సాధారణంగా జతచేసి అమ్మే లెన్సు తగిలిస్తే మందం దాదాపు రెట్టింపవుతుంది. అది జేబులో పట్టదు, సంచీ తప్పదు.

బరువు విషయంలోనూ ఇదే మెలకువ అవసరం. బ్యాటరీ, కార్డులతో ఆర్‌ఎక్స్ 100 బరువు 240 గ్రాములు. ఏ6000 బరువు 344 గ్రాములు. దాని చిన్న లెన్సు 116 గ్రాములు కలిపితే 460. కెనాన్ 475, లెన్సు 200, వెరసి 675 గ్రాములు. దూరపు దృశ్యాలకు మరో లెన్సు కొంటే మొత్తం కిలో దాటుతుంది.

ఈ బరువు వృథా కాదు. కాంతిని గ్రహించే సెన్సారు వైశాల్యం పై రెండింటిలో కాంపాక్టు కంటె సుమారు మూడు రెట్లు. మసక వెలుగులో ఆ తేడా తెలుస్తుంది. అవసరానికి తగిన లెన్సును అమర్చుకునే స్వేచ్ఛ కూడా వాటికే ఉంది.

ఇక తెర. మూడింటికీ తెర 3 అంగుళాలే! పెద్ద కెమెరాకు పెద్ద తెర ఉంటుందనుకోవడం పొరపాటు. చూడవలసినది తెర వంగుతుందా లేదా అని. ఏ6000 తెరను పైకి, కిందికి వంచవచ్చు. జనసమూహంలో చేతులెత్తి తీయడానికి, పసిపిల్లలను వారి ఎత్తునుండి తీయడానికి ఇది ఎంతో ఉపకరిస్తుంది. మిగిలిన రెండింటి తెరలు కదలవు. మండుటెండలో ఏ తెరయైనా వెలవెలబోతుంది. అప్పుడు కంటికి ఆనించి చూసే కిటికీ కావాలి. అది ఏ6000లోను, 1500డిలోను ఉంది. ఆర్‌ఎక్స్ 100లో లేదు.

కావున దుకాణంలో లెన్సు తగిలించి, పట్టీ మెడలో వేసుకుని, కంటి ఎత్తున ఒక నిమిషంపాటు పట్టుకుని చూడండి. వీలైతే బయటి వెలుగులో తెరను పరీక్షించండి. ముఖ్యంగా గృహిణి చేతికి, అమ్మ చేతికి, బడికి వెళ్ళే అబ్బాయి చేతికి ఇచ్చి చూడండి. బరువని ఒక్కరే మోసే కెమెరాతో ఫోటోలన్నీ ఆ ఒక్కరే తీస్తారు. ఏళ్ళు గడిచాక ఇంటి ఆల్బంలో ఆ ఒక్కరే కనిపించరు. ఫోటోగ్రఫీపై అభిరుచి గలవారికి లెన్సు మార్చే కెమెరా తగును. ఇంటిల్లిపాదీ తీయాలనుకుంటే, అందరి చేతికీ తేలికగా అమరేదే మంచి కెమెరా.