ఒప్పుకునే ముందు లెక్క చూసుకోండి: సినీ, ఓటీటీ రంగంలో ఫ్రీలాన్స్ పని చేసేవారికి సమాచారం

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, కృష్ణానగర్ ప్రాంతాల్లో ఉంటూ రోజు కాల్షీట్ మీద, లేదా ఇంత పనికి ఇంత అని మాట్లాడుకుని కాంట్రాక్టు మీద పనిచేసే అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఈ సమాచారం. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, కాస్ట్యూమ్స్, మేకప్ సహాయకులు, ఎడిటర్లు, డబ్బింగ్ చెప్పేవారు, సబ్‌టైటిల్స్ రాసేవారు, గ్రాఫిక్స్ చేసేవారు, అసిస్టెంట్ డైరెక్టర్లు అందరికీ ఇది పనికొస్తుంది.

"ఫిల్మ్‌నగర్‌లో పనికి కరువా?" అని బయటివాళ్లు అడుగుతారు. కరువు పనికి కాదు, గిట్టుబాటయ్యే పనికి అని మీకు తెలుసు. జర్నలిజం చదివి ఈ ఉద్యోగం రాకముందు నేనూ సబ్‌టైటిల్స్ రాశాను. చివరి బిల్లు ఇప్పటికీ రాలేదు. అడగడానికి నా దగ్గర ఒక్క కాగితం కూడా లేదు. ఆ తప్పు మీరు చేయవద్దు.

1. ఈ పని గిట్టుబాటేనా? ఎలా తెలుస్తుంది?

ఒక ఉదాహరణ చూడండి. ఒక వెబ్ సిరీస్ ఎపిసోడ్ ఎడిటింగ్‌కు రూ.25,000 ఇస్తామన్నారు, పది రోజుల పని అన్నారు. రోజుకు రూ.2,500 అనుకుని మీరు ఒప్పుకున్నారు. కరెక్షన్ల మీద కరెక్షన్లు వచ్చి పని 25 రోజులకు పెరిగింది. హార్డ్‌డిస్క్, నెట్, కరెంటు, బండి ఖర్చు కలిపి రూ.5,000 అయింది. మిగిలింది రూ.20,000, అంటే రోజుకు రూ.800. చివరి విడత రూ.8,000 ఎగ్గొడితే చేతికి మిగిలేది రూ.12,000. రోజుకు రూ.480 మాత్రమే.

అందుకే మొత్తం ఎంత అన్నది ఒక్కటే చూడకండి. ఒప్పుకునే ముందు ఈ నాలుగు అడగండి:
- ఎన్ని రోజులు? రోజులు పెరిగితే అదనంగా ఎంత?
- కరెక్షన్లు ఎన్నిసార్లు?
- అడ్వాన్స్ ఎంత? మిగతాది ఏ తేదీకి?
- బేటా, ప్రయాణం, భోజనం ఎవరి ఖర్చు?

"ఈసారికి ఫ్రీగా చేయి, నెక్స్ట్ పెద్ద ప్రాజెక్టు నీదే" అన్న మాటకు లెక్కలో విలువ లేదు.

2. రేటు ఎంత అడగాలి?

2025 ఆగస్టులో తెలుగు ఫిల్మ్ ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ వేతనాలు 30 శాతం పెంచాలని సమ్మె చేసింది. ఆగస్టు 4న మొదలైన సమ్మె కార్మిక శాఖ చొరవతో ఆగస్టు 21న ముగిసింది. రోజుకు రూ.2,000 లోపు తీసుకునేవారికి మూడేళ్లలో 15, 2.5, 5 శాతం చొప్పున, రూ.2,000 నుంచి 5,000 వరకు తీసుకునేవారికి 7.5, 5, 5 శాతం చొప్పున పెంచడానికి ఒప్పందం కుదిరింది.

ఇది యూనియన్ సభ్యుల కోసం జరిగిన ఒప్పందం. మీకు కార్డు లేకపోయినా, మీ విభాగంలో యూనియన్ రేటు ఎంతో తెలుసుకోండి. బేరం ఆడేటప్పుడు మీకు ఒక ఆధారం ఉంటుంది.

3. అగ్రిమెంటు అడిగితే పని పోతుందేమో?

ఈ భయం అందరికీ ఉంటుంది. కానీ రాతపూర్వక ఒప్పందం ఎవరి దయా కాదు, చట్టంలో ఉన్నదే. సినిమా కార్మికులకు 1981 చట్టంలోనే ఈ నిబంధన ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లో టీవీ, వెబ్ సీరియళ్లు, ప్రకటనలు, యానిమేషన్, డిజిటల్ ప్రొడక్షన్ పనులను కూడా చేర్చారు. ఏం పని, ఎంత వేతనం, ఎలా చెల్లిస్తారు, పని గంటలు, భద్రత, గొడవ వస్తే పరిష్కారం ఎలా అన్నవి ఒప్పందంలో ఉండాలి.

కాగితం ఇవ్వకపోతే మీరే వాట్సాప్‌లో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: "సార్, మనం మాట్లాడుకున్నట్టు ఫలానా పని, ఇన్ని రోజులు, ఇంత మొత్తం, అడ్వాన్స్ ఇంత, మిగతాది ఫలానా తేదీకి. ఓకేనా?" అటు నుంచి "ఓకే" వస్తే స్క్రీన్‌షాట్ దాచుకోండి. డబ్బు నగదుగా కాకుండా బ్యాంకు ఖాతాలో వేయమని అడగండి. పూర్తి ఫైల్ ఇచ్చేముందు చివరి విడత అడగడం తప్పు కాదు.

4. డబ్బు ఇవ్వకపోతే ఎక్కడికి వెళ్లాలి?

ఇది మీరు చేసిన పనిని బట్టి ఉంటుంది.

రోజు కూలికి పనిచేస్తే: రోజువారీ వేతనం ఆ రోజు షిఫ్టు ముగిసేసరికి ఇవ్వాలన్నది నిబంధన. ఇవ్వకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు చేయండి. క్లెయిమ్‌కు మూడేళ్ల గడువు ఉంటుంది. అయినా ఆలస్యం చేయకండి, సాక్షులు దొరకరు.

సొంత సిస్టమ్ మీద కాంట్రాక్టుగా చేస్తే: ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ముందే నమోదు చేసుకోండి. ఇది ఉచితం. అప్పుడు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం మీకు వర్తిస్తుంది. ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే వడ్డీతో సహా ఇప్పించమని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు. పని పూర్తయ్యాక నమోదు చేసుకుంటే పాత బిల్లుకు ఇది పనిచేయకపోవచ్చు.

ఉచిత న్యాయ సలహాకు 15100 నంబర్‌కు ఫోన్ చేయండి.

5. పని లేని రోజుల్లో కుటుంబానికి ఆసరా ఏది?

- ఈ-శ్రమ్ కార్డు: 16 నుంచి 59 ఏళ్ల లోపు, ఈపీఎఫ్, ఈఎస్ఐ లేని అసంఘటిత కార్మికులకు. ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. నమోదు ఉచితం. సందేహాలకు 14434.
- సురక్షా బీమా: ఏడాదికి రూ.20 మాత్రమే. 18 నుంచి 70 ఏళ్ల వారికి. ప్రమాదంలో మరణిస్తే రూ.2 లక్షలు. ఎత్తు మీద లైట్లు కట్టేవారు, ఫైటర్లు తప్పకుండా తీసుకోండి. మీ బ్యాంకులోనే ఇస్తారు.
- జీవన్ జ్యోతి బీమా: ఏడాదికి రూ.436. 18 నుంచి 50 ఏళ్ల వారికి. ఏ కారణంతో మరణించినా కుటుంబానికి రూ.2 లక్షలు.
- శ్రమయోగి మాన్‌ధన్ పెన్షన్: నెల ఆదాయం రూ.15,000 లోపు ఉన్న 18 నుంచి 40 ఏళ్ల వారికి. వయసును బట్టి నెలకు రూ.55 నుంచి 200 కట్టాలి, అంతే మొత్తం కేంద్రం జమ చేస్తుంది. 60 ఏళ్ల తర్వాత నెలకు రూ.3,000.
- రాజీవ్ ఆరోగ్యశ్రీ: అర్హులైన కుటుంబాలకు రూ.10 లక్షల వరకు వైద్యం.

6. వీటితో జాగ్రత్త

- "ముందు కొంత కట్టు, రోల్ ఇప్పిస్తా, కార్డు ఇప్పిస్తా" అంటే నమ్మకండి. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. ఆన్‌లైన్‌లో మోసపోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.
- ఆడిషన్ పేరుతో, షూటింగ్‌లో వేధింపులు ఎదురైతే మహిళలు 181కు ఫోన్ చేయవచ్చు.
- మీ బిల్లులో టీడీఎస్ కోస్తే, మీ పాన్ మీద జమయిందో లేదో చూసుకోండి. ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. చాలామంది తెలియక వదిలేస్తున్నారు.

చివరగా ఒక మాట. గిట్టని పనికి "వద్దు సార్" అనడానికి ధైర్యం కావాలి. ఇంటి అద్దె కట్టాల్సిన రోజు ఆ ధైర్యం రాదు, అది మాకు తెలుసు. అలాంటి రోజు తక్కువ రేటుకు ఒప్పుకున్నా, ఆ తక్కువ రేటునే రాతలో పెట్టుకోండి. కనీసం అదైనా మీ చేతికి వస్తుంది.

ఈ పీడీఎఫ్‌ను మీ యూనిట్ గ్రూపుల్లో, రూమ్‌మేట్లకు పంపండి.