ఓటు లేకున్నా మాట ఉంది!

ఇర్వింగ్‌లోని మన తెలుగువాళ్లలో చాలామందికి ఓటు లేదు. నేనూ గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవాణ్నే. ‘ఓటే లేనప్పుడు సిటీ కౌన్సిల్‌తో మనకేం పని?’ అని మిత్రులు అంటుంటారు. పని ఉంది. మన ఇంటి పన్నులో నగరం వాటాను ఖరారు చేసేది కౌన్సిలే. టెక్సస్‌లో 2019లో వచ్చిన చట్టం ప్రకారం, అజెండాలోని అంశంపై ప్రజల్లో ఎవరైనా కౌన్సిల్ ముందు మాట్లాడొచ్చు. పౌరసత్వం ఉండాలన్న షరతు లేదు.

అమెరికా రాజ్యాంగం 14వ సవరణ కూడా చట్టపరమైన సమాన రక్షణను పౌరులకే పరిమితం చేయలేదు, ‘వ్యక్తులు’ అందరికీ ఇచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో లాండ్రీ నడిపిన ఓ చైనా జాతీయుడి కేసులో 1886లోనే సుప్రీంకోర్టు ఈ మాట తేల్చిచెప్పింది.

పౌరసత్వం వచ్చినవాళ్లు ఎన్నికకు 30 రోజుల ముందే ఓటరుగా నమోదు చేసుకోవాలి. మిగతావాళ్లం అజెండా చదివి, పేరు ఇచ్చి, మైకు ముందు నిలబడదాం.