కొత్త గిటారుకు పాత వేషము



చదువునకై పల్లె విడిచి వచ్చి విశాఖపట్టణమున మద్దిలపాలెములో గది పుచ్చుకొనిన మనుమడొకడు తాతగారికి ఇట్లు కబురంపెననుకొందము: "విద్యుత్ గిటారు కొనవలెను. వస్తువు క్రొత్తదే గాని, నలువది యేండ్లు వాడినట్లు కనబడునట్లుగా చేసినది. వెల మామూలు క్రొత్తదానికి రెండింతలకు పైచిలుకు." తాతగారు నివ్వెఱపోవుట సహజము. ముసలియెద్దు కొమ్ములు గీచి, నూనె రాచి, కోడెయని అమ్మజూచువారిని ఆయన సంతలో చూచియున్నాడు. కోడెను ముసలియెద్దుగా దిద్ది హెచ్చు వెల యడుగువానిని మాత్రము ఎన్నడును చూచియుండడు. అయినను వెఱ్ఱియని త్రోసివేయుటకు ముందు ఈ బేరమును కొంచెము విచారింపదగును.

విద్యుత్తుతో పలుకు తంత్రీవాద్యము మనకు క్రొత్త గాదు. పాలకొల్లున 1969లో జన్మించి 2014లో పరమపదించిన మాండలిన్ శ్రీనివాసుగారు అట్టి వాద్యముపైననే కర్ణాటక సంగీతమును వాయించి లోకప్రఖ్యాతి గాంచిరి. మామూలు మాండలినున నాదము మీటినవెంటనే అణగిపోవును, గమకము నిలువదు. విద్యుత్తు ఆ కొఱతను తీర్చినది. గిటారునందును ఉపాయమదియే. ఉక్కుతీగల క్రింద అయస్కాంతములును, వానిచుట్టు సన్నని రాగితీగచుట్టయు నుండును. దీనిని పికప్ అందురు. తీగ అదరినపుడు చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని యాంప్లిఫైయరు పెద్దది చేసి వినిపించును. వీణకున్నట్లు దీనికి బోలుకుండ లేదు. కాయమంతయు గట్టిపలక. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను, ఏలనన బేరము యొక్క మర్మమంతయు ఇక్కడనే యున్నది.

కాలిఫోర్నియాలో లియో ఫెండరను నాతడు 1950 ప్రాంతమున ఇట్టి గట్టిపలక గిటార్లను విరివిగా చేయ నారంభించెను. స్ట్రాటోకాస్టరను పేరుగల నమూనా 1954లో వెలువడినది. 1965లో ఆయన తన కంపెనీని అమ్మివేసెను. అటుతరువాతి వానికంటె మునుపటివే మేలను తలంపు వాయించువారిలో బలపడి, ఆ తొలినాటి వాద్యముల వెల సామాన్యునకు అందరానిదైనది. అందరాని దానికి నకలు పుట్టుట లోకరీతియే గదా! 1995లో ఆ కంపెనీయే క్రొత్త గిటార్లకు పాతదనము కల్పింపజేసి రెలిక్ అను పేరుతో అమ్మకమునకు పెట్టెను. చేయి ఆనుచోట వార్నీషును ఉప్పుకాగితముతో గీచివేయుదురు; అంచులను సొట్టలు పడగొట్టుదురు; చలి తగిలించి మెఱుగుపై సన్నని బీటలు పుట్టింతురు; మరలకు ఆమ్లపు ఆవిరి పట్టించి కిలుమెక్కింతురు. ఓపికతో కూడిన పనియే, కాదనను.

ఐర్లండు దేశీయుడు రోరీ గాలగర్ కథ వినదగినది. 1963లో, పదునైదేండ్ల ప్రాయమున, ఆతడు కార్కు పట్టణమున ఒక స్ట్రాటోకాస్టరును నూఱు పౌనులకు అప్పుమీద కొనెను. ఒకమాఱు దొంగలెత్తుకొనిపోయి గుంటలో పాఱవేయగా, అది మరల దొరకినది. ఏండ్ల తరబడి వేదికలపై వాయింపగా చెమటకు రంగంతయు ఊడి చెక్క బయటపడినది. 1995లో ఆతడు మరణించెను. ఆ గిటారు 2024లో లండను వేలములో 8 లక్షల పౌనులకు పైబడి పలికినది. అవే మచ్చలతో, అవే గీతలతో నకళ్లు చేసి అమ్ముచున్నారు. మచ్చలు వచ్చినవి గాని, ఆ చెమట యెక్కడనుండి వచ్చును?

అయితే పాతబడిన కఱ్ఱ బాగుగ పలుకదా యని మీరడుగవచ్చును. బొబ్బిలి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధివారు పనసదుంగను తొలిచి వీణ చేయుదురు. వీణయందు కఱ్ఱయే పలుకును గావున, ఆ కఱ్ఱ చక్కగ ఆఱియుండుట ముఖ్యము. లేత పసుపువన్నెగల పనస ఏండ్లు గడచినకొలది ఎఱుపు తిరుగును. ఆ యెఱుపును రంగు పూసి తెచ్చినచో చూపునకు మాత్రమే పాతవీణ యగును.

నిజముగ పాతదైన వాద్యమును గూర్చియు నమ్మకములను పరీక్షింపవలసియే యున్నది. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు విన్న మన ప్రాంతమువారికి ఈ ముచ్చట రుచించును. మూడువందల యేండ్లనాటి ఇటలీ ఫిడేళ్లకు సాటి లేదని ప్రతీతి. 2014లో ప్రకటింపబడిన యొక పరీక్షలో పదిమంది విద్వాంసులకు నల్లని కళ్లజోళ్లు తగిలించి, ఆఱు పాతవి, ఆఱు క్రొత్తవి చేతికిచ్చిరి. వారిలో ఆఱుగురు క్రొత్తదానినే మేలని ఎన్నుకొనిరి. బోలువాద్యముననే ఇట్లుండగా, పికప్ పలుకు గట్టిపలకపై వార్నీషు గీచినంతమాత్రమున నాదము మాఱునని నేను నమ్మజాలను.

మఱి లాభమే లేదా? ఒకటి కలదు. పదేండ్లు దున్నిన నాగలిమేడి అరచేతికి ఎంత హాయిగ నుండునో మీకు తెలియును. రెలిక్ గిటారు దండిని అట్లే అంచులు గుండ్రము చేసి నునుపు పెట్టుదురు. వ్రేళ్లు సులువుగ జాఱును. పైగా ఈ తరగతి వాద్యములలో పికప్పులును, చెక్కయు శ్రేష్ఠమైనవి వాడుదురు గాన, ధర యంతయు గాయములకే యనుట అన్యాయము. అయితే అదే పనివారు అదే తరగతిలో గాయములు లేని వాద్యమును కొంత తక్కువ వెలకు ఇచ్చుచున్నారు.

విశాఖలో మఱియొక చిక్కు. సముద్రపుగాలి ఉప్పుతో, చెమ్మతో కూడినది. వార్నీషు ఊడిన చెక్క చెమ్మను పీల్చును. పూత పోయిన మరలకు తుప్పు త్వరగా పట్టును. కారఖానాలో ఆపిన తుప్పు మద్దిలపాలెములో మరల సాగును. చక్కని పూతగల వాద్యము ఈ ఊరిలో ఎక్కువకాలము నిలుచును.

అసలైన అపాయము చేతులు మాఱినపుడు వచ్చును. మొదట రెలిక్ అనియే అమ్మిన వస్తువు, రెండవ మూడవ చేతిలో 1960 నాటిదని చెప్పబడవచ్చును. ఎద్దు పండ్లు చూచినట్లు గిటారు మెట్లు చూడవలెను. కాయము చితికి, మెట్లు అఱుగకున్నచో ఆ వయస్సు బూటకము కావచ్చును. అయితే పాతవాద్యమునకు మెట్లు మార్పించుటయు కలదు గాన అడిగి తెలిసికొనవలెను. చేయి తగులని మూలలందు అఱుగుదల యున్నను, లోపలి గూడు క్రొత్తచెక్కవలె తళతళలాడుచున్నను సందేహింపదగును.

కావున మనుమని అంగడికి పంపి, మామూలు క్రొత్తదానిని, వేషము వేసినదానిని ఒకే యాంప్లిఫైయరుకు తగిలించి, కన్నులు మూసికొని వాయించి చూడుమనుడు. భేదము చేతికి తెలియనిచో మామూలుదే కొనవలెను. మిగిలిన సొమ్ము మంచి యాంప్లిఫైయరుకును, గురువుగారి జీతమునకును చాలును. ఎవరైనను వాడి విడిచిన రెలిక్ మామూలు వెలకే దొరకి, దండి చేతికి అమరినచో తీసికొనవచ్చును. అప్పుడు మాత్రము తయారైన సంవత్సరమును, పాతదనము కల్పితమనియు రసీదుపై వ్రాయించుకొని, రేపు తాను అమ్మునాడు ఆ రసీదును కూడ కొనువానికి అప్పగింపవలెను.